శునకశిక్షణలో సామదానాలు

ఆంధ్ర మహాభారతం చేపట్టిన పాఠకునికి కురుపాండవుల కథ మొదలు కాకముందే ఒక కుక్కపిల్ల ఎదురవుతుంది. జనమేజయ మహారాజు కురుక్షేత్రంలో దీర్ఘసత్రం చేస్తూ ఉండగా దేవశుని అయిన సరమ కుమారుడు సారమేయుడు అటు వచ్చినాడు. రాజు తమ్ములు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు వానిని కొట్టి తరిమినారు. పిల్ల ఏడ్చుకుంటూ తల్లి వద్దకు పరుగెత్తినాడు. సంస్కృత మూలంలో ఇక్కడ ఒక చక్కని ముచ్చట ఉన్నది. కొడుకు కన్నీరు చూచి సరమ వెంటనే రాజు మీదికి లేవలేదు. ‘నీవేదో తప్పు చేసి ఉంటావు’ అని మొదట కొడుకునే నిలదీసినది. హవిస్సును నాకలేదు సరికదా, దానివంక చూడనైనా లేదని వాడు చెప్పిన మీదటనే ఆమె యజ్ఞశాలకు నడచి, నిరపరాధిని కొట్టినారు గనుక అనుకోని భయం మీకు వచ్చునని శపించినది. అంతటి చక్రవర్తి కలతపడి, ఆ కీడును శమింపజేయగల పురోహితుని కోసం వెదుకులాడవలసి వచ్చినది.

పదునొకండవ శతాబ్దిలో నన్నయభట్టు తెలిగించిన ఆ కథను తెలుగువారు తొమ్మిదివందల ఏండ్లకు పైగా చదువుతూనే ఉన్నారు. అయినా కుక్కపిల్లను పెంచుకొనే ఇళ్ళలో నేటికీ ఈ మాదిరి సంభాషణ వినబడుతూనే ఉంటుంది.

“మళ్ళీ వసారాలోనే కానిచ్చిందే! దాని ముక్కు పట్టి అందులో రుద్ది, కాగితం చుట్టతో రెండు తగిలిస్తే రేపటికి బుద్ధి వస్తుంది.”

“వద్దు తాతయ్యా, దానికి ఇంకా రెండు నెలలే.”

“మా రోజుల్లో కుక్కలన్నీ అట్లాగే నేర్చుకున్నాయమ్మా.”

“నిన్న మీరు కొట్టారుగా తాతయ్యా. ఇవాళ మంచం కిందికి పోయి చేసింది.”

తాతగారు క్రూరులు కారు. పెరుగన్నం కలిపి పళ్ళెంలో పెట్టేది వారే, రాత్రి అది మూలిగితే లేచి చూచేది వారే. తమ చిన్ననాట వీధిబడిలో కోదండం వేయించుకొని, తొడపాశాలు తిని అక్షరాలు నేర్చిన వంశంలో పుట్టినవారు గనుక, దెబ్బ లేనిదే విద్య లేదని వారు మనసారా నమ్మినారు. మనవరాలు మాత్రం కంటితో చూచినదాన్ని చెప్పినది. ఇద్దరిలో ఎవరి మాట సరియైనదో తేల్చటానికి వందేండ్లకు మించిన ప్రయోగచరిత్ర ఉన్నది.

అంతకు ముందు భాషనే ఒకమారు అడిగి చూడవచ్చును. ‘శిక్ష’ అనే ధాతువుకు పాణినీయ ధాతుపాఠం చెప్పిన అర్థం విద్యను గ్రహించటం. వేదాంగాలలో మొదటిది శిక్ష. హిందీలో నేటికీ శిక్ష అంటే చదువే. తెలుగులో ఆ మాట ఎట్లో దారి తప్పి దండనకు పేరైనది. చదువుకు ‘శిక్షణ’ మిగిలినది. ఒక ణకారం తేడాతో బడి, చెరసాల ఇరుగుపొరుగులైనవి. గురువు చేతి బెత్తం ఈ అర్థపరిణామానికి కొంత తోడ్పడి ఉంటుందని ఊహించటం తప్పు కాదేమో.

దండానికి పది గుణాలు కలవని చెప్పే సంస్కృత చాటుశ్లోకానికి పట్టిన గతి కూడ ఇట్టిదే. పండితుల నోట, పామరుల నోట దాని చివరి మాట ఒక్కటే నానుతున్నది. అది బెత్తానికి శాస్త్రప్రమాణమైపోయినది. శ్లోకం మొదటినుండి చూచినవారికి ఆ పది గుణాలు ఏవో తెలుస్తుంది. పక్షి, కుక్క, శత్రువు, పాము, పశువు ఎదురైనప్పుడు కర్ర ఉపయోగిస్తుంది. బురదలో, నీటిలో అడుగు వేయటానికి ఊతం అవుతుంది. గుడ్డివానికి, చీకటిలో నడిచేవానికి, వృద్ధునికి అండ అవుతుంది. కుక్క పేరు రెండవదే కావచ్చును. కాని అది దారిలో మీదికి వచ్చే కుక్క, ఇంటిలో పెంచుకొనే కుక్క కాదు. కర్రతో పాఠం చెప్పవచ్చునని ఆ శ్లోకకర్త ఎక్కడా అనలేదు.

కుక్కలకు పద్ధతిగా విద్య గరపటాన్ని గూర్చిన ఆధునిక గ్రంథాలలో తొలితరం వాటిలో చెప్పదగినది జర్మను దేశస్థుడు కోన్రాడ్ మోస్ట్ 1910లో వెలువరించినది. ఆయన 1906లో జార్‌బ్రుకెన్ నగరంలో పోలీసు కుక్కలకు శిక్షణ ఇవ్వటం ఆరంభించి, తరువాత సైన్యానికి కుక్కలను తయారుచేసినాడు. చువ్వ, లోపలివైపు ముళ్ళున్న మెడపట్టా ఆయన పనిముట్లు. మనిషికి, కుక్కకు నడుమ బలాబలాలు తేలిన తరువాతనే విధేయత పుట్టునని ఆయన తలచినాడు. అయినా ఆయన మొరటువాడు కాడు. బహుమానం గాని దెబ్బ గాని క్రియ జరిగిన క్షణంలోనే అందాలని, ఆలస్యమైతే కుక్క దానిని మరొకదానికి ముడిపెట్టుకొంటుందని ఆ నాడే గ్రహించినాడు. రెండు మహాయుద్ధాలలో సైన్యాలకు పనికివచ్చిన ఈ విధానం యుద్ధాలు ముగిసిన తరువాత ఇళ్ళలోకి వచ్చినది. సైనికశిక్షణలో ఉండిన మెళకువ మాత్రం దానితో కూడ రాలేదు. దెబ్బ ఒక్కటే వచ్చినది. అమెరికాలో యుద్ధకాలంలో కుక్కలకు శిక్షణ ఇచ్చి, ఆపైన వాల్ట్ డిస్నీ చిత్రాలకు జంతువులను తయారుచేసిన విలియం కోలర్ 1962లో ప్రకటించిన పుస్తకం ఆ మార్గానికి పరాకాష్ఠ. తోటలో గుంటలు త్రవ్వే కుక్కకు ఆయన చెప్పిన మందు, ఆ గుంటను నీటితో నింపి కుక్క తలను అందులో ముంచటం. ఆ పుస్తకం విరివిగా అమ్ముడుపోయినది.

ఇదే కాలంలో ప్రయోగశాలలలో మరొక కథ నడుస్తూ ఉన్నది. 1898లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికను యువకుడు పిల్లులను చెక్కపెట్టెలలో ఉంచి, గడియ తీసుకొని బయటపడటానికి వాటికి ఎంత సేపు పట్టుతున్నదో లెక్కించినాడు. తృప్తి కలిగించిన చేష్ట స్థిరపడుతుంది, బాధ కలిగించిన చేష్ట తొలగిపోతుంది అని ఆయన సూత్రం. రెండు పక్షాలూ సరిసమానంగా తూగే అందమైన సూత్రం అది. కాని ఆయనే 1930 దశకంలో, మరిన్ని ప్రయోగాలు చేసిన తరువాత, రెండవ సగాన్ని సడలించుకొన్నాడు. మెప్పు చేష్టను బలపరచినట్లుగా దండన దానిని బలహీనపరచటం లేదని ఒప్పుకొన్నాడు. తన పేరు మోసిన సూత్రాన్ని తానే సగం చెరిపివేయటానికి ఎంత నిజాయితీ కావలెనో శాస్త్రచర్చలు ఎరిగినవారికి తెలుసును.

1938లో బి. ఎఫ్. స్కిన్నర్ ప్రకటించిన ఎలుకల ప్రయోగం తాతగారికి, మనవరాలికి ఉన్న తగవుకు మరింత దగ్గరిది. మీట నొక్కితే ఆహారం వస్తుందని ఎలుకలకు మొదట అలవాటు చేసినారు. తరువాత ఆహారం మాన్పించినారు. వాటిలో కొన్నింటికి మొదటి కొద్ది నిమిషాలు మీట నొక్కినపుడల్లా పాదాల మీద దెబ్బ తగిలే ఏర్పాటు చేసినారు. దెబ్బ తిన్న ఎలుకలు వెంటనే మీట వదలిపెట్టినవి. చూచేవారికి దండన ఫలించినట్లే తోచును. కాని దెబ్బ ఆగిన పిమ్మట అవి మళ్ళీ నొక్కసాగినవి. రెండవ రోజు ముగిసేసరికి దెబ్బ తిన్నవీ తిననివీ నొక్కిన మొత్తం లెక్క సమానమైనది. ఆహారం రాకపోవటం వలన ఆ అలవాటు తానై అంతరించినదే గాని, దెబ్బ వలన ఒక్కనాడు ముందుగా అంతరించలేదు.

దీనిని బట్టి దండన ఎన్నడూ పనిచేయదని చెప్పబూనటం అతిశయోక్తి. 1966లో ఏజ్రిన్, హోల్జ్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ విషయాన్ని క్రోడీకరించి, దండన ఏయే పరిస్థితులలో చేష్టను అణచగలదో వివరించినారు. అది తప్పుతో పాటు తక్షణమే రావలెను. తప్పు జరిగిన ప్రతిసారీ రావలెను, ఒక్కటి కూడ తప్పిపోరాదు. మొదటినుండే గట్టిగా ఉండవలెను. మెల్లగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే ప్రాణి దానికి అలవాటుపడుతుంది. ఇల్లు ప్రయోగశాల కాదు. యజమాని కచేరీకి పోయినపుడు చేసిన తప్పుకు ఆయన తిరిగి వచ్చిన తరువాత పడే దెబ్బలో మొదటి నియమం పోయినది. నడిరాత్రి, ఎవరూ చూడనప్పుడు తప్పించుకొన్న ప్రతిసారీ రెండవది పోయినది. పసిపిల్ల గదా అని మెల్లగా కొట్టటంతో మూడవదీ పోయినది. ఈ మూడు నియమాలూ తప్పకుండా పాటించగల ఓర్పు గలవానికి, ఆ ఓర్పుతోనే కొట్టకుండా నేర్పటం అంతకంటె సులువు.

డేనియల్ ఫ్రీడ్‌మన్ 1958లో ప్రచురించిన ప్రయోగాన్ని కొంచెం నిదానంగా చూడవలెను. అమెరికాలోని బార్ హార్బర్ పట్టణంలో కుక్కల స్వభావాన్ని గూర్చి చాల ఏండ్లు పరిశోధన సాగిన ఒక ప్రయోగశాల ఉన్నది. అక్కడ ఆయన నాలుగు జాతుల పిల్లలను తీసుకొన్నాడు: బీగిల్, ఫాక్స్ టెరియర్, షెట్లాండ్ గొర్రెలకాపరి కుక్క, ఆఫ్రికా నుండి వచ్చిన బసెంజీ. ప్రతి ఈతలోని పిల్లలలో సగాన్ని మూడవ వారం నుండి ఎనిమిదవ వారం వరకు ముద్దుగా, ఆటపాటలతో, ఏ శిక్షా లేకుండా పెంచినారు. మిగిలిన సగాన్ని క్రమశిక్షణలో పెంచినారు. మొదట ఒడిలో కదలకుండా పట్టుకొని, తరువాత కూర్చో, ఆగు, రా అనే ఆజ్ఞలకు లోబరచినారు. ఎనిమిదవ వారంలో పరీక్ష. గది నడుమ మాంసం ఉంచిన గిన్నె. పిల్ల దానిలో మూతి పెట్టగానే వెనుకభాగం మీద ఒక దెబ్బ, పెద్దగా ‘వద్దు’ అని ఒక కేక. మూడు నిమిషాలైన పిదప మనిషి బయటికి పోయి, ఆ పిల్ల ఎంతసేపటికి మళ్ళీ గిన్నె దగ్గరకు పోతుందో అద్దం వెనుకనుండి కనిపెట్టినాడు. ఇట్లు ఎనిమిది రోజులు.

ముద్దుగా పెరిగినవి చెడిపోయి ముందుగా తింటాయని ఎవరైనా అనుకొంటారు. ఫలితం వేరుగా వచ్చినది. బసెంజీ పిల్లలు ఎట్లా పెంచినా మనిషి గడప దాటిన కొద్దిసేపటికే గిన్నె చేరుకొన్నవి. షెట్లాండ్ పిల్లలు ఎట్లా పెంచినా చివరివరకు ముట్టక వెనుకాడినవి. పెంపకం తేడా తేలినది మిగిలిన రెండు జాతులలోనే. బీగిళ్ళలో, టెరియర్లలో క్రమశిక్షణలో పెరిగినవాటి కంటె ముద్దుగా పెరిగినవే ఎక్కువ సేపు ఆగినవి. మనిషితో గాఢమైన స్నేహం కుదిరిన పిల్లకు ఆ మనిషి వేసిన ఒక్క కేక గుండెకు తగిలినది. అదుపాజ్ఞల నడుమ పెరిగినదానికి అది మరొక అదుపు మాత్రమే అయినది. ‘మా కుక్కను కొట్టి పెంచినాను, బంగారంలా ఉన్నది’ అనే యజమాని వాదంలోని డొల్లతనం కూడ ఈ ప్రయోగంలోనే బయటపడుతుంది. ఆయనకు దొరికినది షెట్లాండ్ వంటి స్వభావం గల పిల్ల అయితే అది కొట్టకపోయినా బంగారమే అయ్యేది. బసెంజీ వంటిది అయితే కొట్టినా ఆయన వీపు తిరిగేవరకే.

ప్రయోగశాలల మాట బజారులో చెల్లుతుందా అని సందేహించేవారికి కెల్లర్ బ్రెలాండ్, మరియన్ బ్రెలాండ్ దంపతులు సమాధానం చెప్పినారు. స్కిన్నర్ వద్ద చదువుకొని, యుద్ధకాలంలో ఆయనతో కలిసి పావురాలకు శిక్షణ ఇచ్చిన ఈ భార్యాభర్తలు 1947లో జంతుశిక్షణనే వ్యాపారంగా పెట్టుకొన్నారు. కోళ్ళు, పందులు, కుందేళ్ళు, మేకలు — కొట్టి నేర్పటానికి లొంగని జంతువులన్నీ వారి దగ్గర గింజలకు, ముక్కలకు పనులు నేర్చినవి. అయినా 1961లో వారే ఒక వ్యాసం వ్రాసి తమ వైఫల్యాలను లోకానికి చాటినారు. నాణెం తెచ్చి డబ్బాలో వేయవలసిన పంది దారిలో దానిని క్రిందపడవేసి ముట్టెతో కుళ్ళగించేది. ఎన్ని ముక్కలు పెట్టినా ఆ జాతిగుణం మళ్ళీ మళ్ళీ పైకి వచ్చేది. సౌమ్యమార్గానికీ హద్దులున్నవని ఆ మార్గానికి ఆద్యులే చెప్పటం గమనింపదగినది.

1963లో హవాయి ద్వీపంలోని ఒక సముద్రజంతు ప్రదర్శనశాలలో డాల్ఫినులకు శిక్షణ ఇవ్వటానికి కుదిరిన కేరెన్ ప్రయర్‌కు దండోపాయం ప్రశ్నే రాలేదు. డాల్ఫినును గొలుసుతో లాగలేరు, చువ్వతో కొట్టలేరు. అలిగితే నీటి అడుగుకు పోతుంది. చేష్ట సరిగా జరిగిన క్షణాన ఈల, ఆ వెనుక చేప. ఈ విద్యను ఆమె 1984లో వెలువరించిన పుస్తకంలో కుక్కలకు, గుర్రాలకు, మనుష్యులకు కూడ అన్వయించినది. ఈల బదులు ‘టక్’ మని చప్పుడు చేసే చిన్న రేకు బొమ్మ కుక్కల పాఠశాలలకు వచ్చినది. ఆ చప్పుడు బొమ్మను వాడవచ్చునని స్కిన్నర్ 1951లోనే ఒక వ్యాసంలో సూచించి ఉన్నాడు.

దండనవాదులకు ఇంతలో తోడేళ్ళు సాయం వచ్చినవి. బాసెల్ జంతుప్రదర్శనశాలలోని తోడేళ్ళను పరిశీలించి రుడోల్ఫ్ షెంకెల్ 1947లో ప్రకటించిన అధ్యయనం వాటి నడుమ ఆధిపత్యపు పోరాటాన్ని వర్ణించినది. దానిని అనుసరించి కుక్క ఇంటిలో రాజ్యం కోరుతుందనీ, దానిని వెల్లకిలా పడవేసి గొంతు మీద చేయి వేసి అణచవలెననీ ఒక సిద్ధాంతం పుట్టినది. న్యూ స్కీట్ మఠానికి చెందిన సన్న్యాసులు 1978లో వ్రాసిన ప్రసిద్ధ గ్రంథం ఈ వెల్లకిలా పడవేయటాన్ని బహుళ ప్రచారంలోకి తెచ్చినది; 2002 నాటి కొత్త ముద్రణలో వారే దానిని ఉపసంహరించుకొన్నారు. తోడేళ్ళ మీద 1970లో గొప్ప గ్రంథం వ్రాసిన డేవిడ్ మీచ్, ఉత్తరధ్రువ ప్రాంతంలోని ఎల్స్‌మియర్ ద్వీపంలో స్వేచ్ఛగా తిరిగే మందను ఏండ్ల తరబడి గమనించి, 1999లో మాట మార్చినాడు. చెరలో పెట్టిన పరాయి తోడేళ్ళు పోట్లాడుకొంటాయి. అడవిలో మంద అంటే తల్లి, తండ్రి, పిల్లలు గల కుటుంబమే అని ఆయన తేల్చినాడు. తన పాత పుస్తకాన్ని ఇక ముద్రించవద్దని ప్రకాశకులను ఆయన ప్రాధేయపడవలసి వచ్చినది. చెరసాలను చూచి సంసారాన్ని ఊహించటం ఎట్టిదో ఆ సిద్ధాంతం అట్టిది.

తాతగారి వసారా వద్దకు తిరిగి వస్తే, రెండు నెలల పిల్లకు మూత్రాశయం మీద పట్టు చిక్కదు. నిద్ర లేవగానే, తిన్న కొద్దిసేపటికి, ఆడి అలసినప్పుడు దానికి పోవలసి వస్తుంది. ఆ మూడు వేళలా దానిని ఎత్తుకొని పెరటిలో ఒకే చోటికి తీసుకొనిపోయి నిలబడవలెను. వెనుకటి వాసన దానికి పని గుర్తు చేస్తుంది. పని ముగించిన క్షణాన, అక్కడికక్కడే, ఉడికించిన కోడిమాంసపు తునక, శాకాహారుల ఇంట చిన్న పన్నీరు ముక్క చేతికి అందుబాటులో ఉండవలెను. ఇంటిలోకి తెచ్చి పెట్టిన ముక్క ఇంటిలోకి వచ్చినందుకే అవుతుంది. లోపల తప్పు జరిగితే నేల వాసన లేకుండా కడగటం తప్ప చేయవలసినది లేదు. గంట క్రితం జరిగినదానికి ముక్కు రుద్దితే పిల్ల నేర్చుకొనేది మనిషి ఉన్నచోట ఆ పని ప్రమాదమని మాత్రమే. అందుచేతనే అది మంచం కిందికి పోయినది. పెరటిలో ఆయన ఎదుట కూడ చేయక బిగబట్టుకొంటుంది. శిక్షణకు ఇంతకంటె అడ్డు వేరే లేదు.

“తప్పు చేసినట్లు దానికి తెలుసు, ముఖం చూడండి” అనేవారు ఉన్నారు. 2009లో న్యూయార్కులో అలెగ్జాండ్రా హొరొవిట్జ్ 14 కుక్కలతో దీనిని పరీక్షించినది. యజమాని వద్దన్న తినుబండారాన్ని కుక్క తిన్నదీ లేనిదీ అతనికి కొన్నిసార్లు తప్పుగా చెప్పినారు. తలవంచి, చెవులు వెనుకకు వాల్చి, ప్రక్కకు చూచే ఆ దోషి ముఖం, తిన్న కుక్కలో కంటె చీవాట్లు తిన్న కుక్కలోనే కనబడినది. తినకుండా చీవాట్లు తిన్నవాటిలో మరీ స్ఫుటంగా కనబడినది. సరమ అడిగిన ప్రశ్న ఈ యజమానులెవరూ అడగలేదు.

కొరకటం మరొక కష్టం. మూడు నాలుగు నెలల ప్రాయంనుండి పాలపళ్ళు ఊడటం మొదలై, 28 పాలపళ్ళ స్థానంలో ఆరేడు నెలలకు 42 గట్టిపళ్ళు వస్తాయి. ఆ కాలంలో చెప్పులు, చీరకొంగు, కుర్చీకాలు అన్నీ దానికి సమానమే. తోబుట్టువులతో ఆడేటప్పుడు గట్టిగా కొరికితే అవతలి పిల్ల కీచుమని అరచి ఆట మానివేస్తుంది; ఎంత గట్టిగా కొరకరాదో పిల్ల అట్లా తెలుసుకొంటుంది. మనిషీ అదే చేయవచ్చును. పన్ను తగలగానే చేయి వెనుకకు తీసి, లేచి, కొద్ది క్షణాలు ముఖం త్రిప్పుకొంటే ఆట పోతుంది. చేతికి బదులు నమలదగిన వస్తువు అందిస్తే ఆట వస్తుంది. కొరికినప్పుడు మూతి మీద కొడితే, ముఖం దగ్గరకు వచ్చే ప్రతి చేయీ శత్రువని అది నేర్చుకొంటుంది. రేపు అదే చేయి మందు వేయటానికి వచ్చును, పసిబిడ్డది కావచ్చును.

ప్రమాదం అసలు ఇక్కడ ఉన్నది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్యులు 2009లో, ప్రవర్తన బాగాలేదని తమ వద్దకు తెచ్చిన కుక్కల యజమానులలో 140 మందిని ప్రశ్నించినారు. కొట్టటం, తన్నటం ప్రయోగించినవారిలో నూటికి 43 మంది తమ కుక్క అందుకు ఎదురు తిరిగినదని చెప్పినారు. వెల్లకిలా పడవేసినవారిలో నూటికి 31 మంది. గుర్రుమన్నందుకు దెబ్బ తిన్న కుక్క గుర్రుమనటం మానవచ్చును, కాని భయం మానదు. హెచ్చరిక పోయి కాటు మిగులుతుంది. పిచ్చికుక్క వ్యాధి ఇంకా వదలని దేశంలో ఆ కాటు అంటే పదిహేను నిమిషాలు సబ్బునీటితో కడగటం, వెంటనే ఆసుపత్రి, వరుస సూదులు. పోర్చుగల్‌లో 92 కుక్కలను పరిశీలించి 2020లో ప్రకటించిన అధ్యయనం మరొక సంగతి చెప్పినది. దండన వాడే పాఠశాలల కుక్కల లాలాజలంలో పాఠం అయిన తరువాత ఆందోళనను సూచించే పదార్థం హెచ్చుగా ఉన్నది. అంతేకాక, ఆహారం ఉన్నదో లేదో తెలియని చోట ఉంచిన గిన్నె వైపు ఆ కుక్కలు నెమ్మదిగా, ఆశ లేనట్లు నడిచినవి.

ముక్కలు పెట్టటం లంచమని ఒక ఆక్షేపణ ఉన్నది. లంచం పనికి ముందు చూపేది. కూలి పని అయిన తరువాత ఇచ్చేది. ముక్క చూపి పిలిచే యజమాని లంచమిస్తున్నాడు, అతని కుక్క ముక్క లేని నాడు రాదు. పిలువగా వచ్చినదానికి జేబులోనుండి తీసి ఇచ్చేవాడు కూలి ఇస్తున్నాడు. అలవాటు కుదిరిన కొలదీ ఆ కూలిని ప్రతిసారీ ఇవ్వక, ఒకమారు ముక్క, ఒకమారు మెచ్చుకోలు, ఒకమారు ఆట అని మార్చవచ్చును. సామదానాలను ఒకటిగా చేర్చి చెప్పిన మన నీతికారులు ఈ మర్మం ఎరిగినవారే.

సౌమ్యమంటే అడ్డు లేకపోవటమని కొందరు కుర్రవాళ్ళు పొరపడుతున్నారు. అది తాతగారి బెత్తం కంటె మేలైన పెంపకమేమీ కాదు. చెప్పులు అటక మీద పెట్టటం, వంటింటి గుమ్మానికి అడ్డుపలక వేయటం, అతిథుల మీదికి ఎగిరినపుడు నిలువునా నిలబడి పలకరించకపోవటం, నాలుగు కాళ్ళ మీద నిలిచినపుడే నిమరటం — ఇవన్నీ కట్టుబాట్లే. వీటిని ఇంటిలో అందరూ ఒకే తీరుగా పాటించవలెను. మనవరాలు దిగమన్న మంచాన్ని మేనమామ ఎక్కించుకొంటే కుక్కకు నియమం తెలియదు, అవకాశం తెలుస్తుంది. ఇక మూడవ వారం నుండి పన్నెండు, పదునాలుగు వారాల వరకు ఉన్న ప్రాయం మళ్ళీ రాదు. ఆ కాలమంతా మనిషి స్పర్శ లేకుండా పెరిగిన పిల్లలు ఆ తరువాత మనిషిని చూస్తే బెదరిపోయినవని బార్ హార్బర్ పరిశోధకులే 1961లో చూపినారు. గొడుగు, ఆటో చప్పుడు, గడ్డపు మనిషి, పసిపిల్ల కేక, దీపావళి టపాకాయ దూరపు మ్రోత, వీటన్నిటినీ భయం లేకుండా పరిచయం చేయవలసిన వారాలలో దెబ్బలు పరిచయం చేయటం పెద్ద నష్టం.

చట్టం ఏమన్నదో ఒక మాట. రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో 1953లో ప్రతిపాదించిన బిల్లు నుండి కదలిక మొదలై 1960లో వచ్చిన జంతుహింసా నివారణ చట్టం, జంతువును కొట్టి అనవసరంగా బాధపెట్టటాన్ని నేరంగా పేర్కొన్నది. మొదటి నేరానికి ఆ చట్టంలో వ్రాసిన జరిమానా ఏబది రూపాయలకు మించదు. ఆ డబ్బుకు నేడు మంచి మెడపట్టా కూడ రాదు. విచిత్రమేమనగా, దేశమంతటా బడిపిల్లలను కొట్టరాదని చెప్పిన విద్యాహక్కు చట్టం 2009లో గాని రాలేదు. కాగితం మీద కుక్కపిల్ల మనిషిపిల్ల కంటె దాదాపు ఏబది ఏండ్లు ముందున్నది.

ఇప్పటికే దెబ్బలు తిన్న కుక్కను ఏమి చేయవలెనన్నది మిగిలిన ప్రశ్న. చీపురు ఎత్తితే మూలకు పోయి అణగే కుక్కలు, చుట్ట చుట్టిన ఆదివారపు పత్రికను చూచి వణికే కుక్కలు తక్కువేమీ కావు. దానికి ఎదురుగా కాక ప్రక్కగా, నేల మీద కూర్చుండవలెను. చేయి చాపి పిలువరాదు. ముక్కను నేల మీద కొంచెం దూరాన ఉంచి ఊరకుండవలెను. మరునాడు ఇంకొంచెం దగ్గర, ఆ మరునాడు తెరచిన అరచేతిలో. వచ్చి తిన్నదని సంతోషించి తల నిమరబోతే పది రోజుల పని పాడవుతుంది, ఏలనంటే దెబ్బ ఎప్పుడూ పైనుండే వచ్చినది. గడ్డం క్రింద, రొమ్ము మీద గోకటంతో ఆరంభించవలెను. కొన్ని నెలకే లొంగుతాయి, కొన్నింటికి ఏడాది పడుతుంది. కొన్ని అన్నీ మరచి ఒడిలో పండుకొన్నా, తల పైకి చేయి లేస్తే మాత్రం బ్రతికినంతకాలం కళ్ళు మూసుకొంటాయి.